దుబాయి ఎంత దూరము?

జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున ధర్మపురి క్షేత్రము కలదు. దానికి దాపున నున్న యొక పల్లెలో, దసరా పండుగకు కొన్ని దినములు ముందుగా, ఒక యింట చిన్న చిక్కు తలయెత్తెను. ఆ యింటి పెద్ద దుబాయి నగరమున కట్టడపు పనులు చేయుచు రెండు సంవత్సరముల తరువాత సెలవుమీద వచ్చుచుండెను. ఆయన టిక్కెట్టు ప్రతి ఫోనులో వచ్చినది. దుబాయినుండి బయలుదేరుట అక్టోబరు 10వ తేదీ రాత్రి 10 గంటలకు, హైదరాబాదు చేరుట అక్టోబరు 11వ తేదీ 3 గంటలకు అని దానిలో నుండెను.

ఆయన తమ్ముడు దానిని చదివి, "పదకొండు నాడు రాత్రి మూడింటికి దిగుతడు. ఆనాడు పొద్దుగూకినంక బువ్వ తిని బయలెల్లితె సరిపోతది" అనెను.

మూలనున్న ముసలితల్లికి మాత్రము నమ్మకము కలుగలేదు. ఆమె ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలిని పిలిచి, "దుబాయి ఎంత దూరముంటది బిడ్డా? రాత్రి పదింటికి ఎక్కినోడు మూడింటికే దిగుతడా?" అని అడిగెను.

బాలిక వ్రేళ్ళు మడిచి లెక్కించినది. పదినుండి మూడువరకు ఐదు గంటలు. కాని తండ్రి ఫోనులో మూడున్నర గంటలే యని చెప్పియుండెను. అంతేగాక రెండేండ్ల క్రిందట వెళ్ళునపుడు ఆయన హైదరాబాదులో రాత్రి 10 గంటలకు విమానమెక్కి, అక్కడ గడియారములో పన్నెండున్నరకే దిగెను. పోవునపుడు రెండున్నర గంటలు, వచ్చునపుడు ఐదు గంటలా? త్రోవ ఒక్కటే యైనపుడు ఇంత వ్యత్యాస మెట్లు కలిగినది?

ముసలితల్లి యడిగిన ప్రశ్న చిన్నది. దానికి సమాధానము చెప్పవలెనన్న భూగోళము, గణితము, గాలులు, గడియారములు అన్నియు అక్కరకు వచ్చును.

పూర్వము తెలంగాణ పల్లెలలో దూరమును కోసులతో చెప్పెడివారు. కోసనగా సుమారు రెండు మైళ్ళు. కోసులు తెలియనివారు కాలముతో చెప్పెడివారు. బారెడు పొద్దెక్కగానే నడక సాగించినచో దీపాలవేళకు చేరుదుమనుట వారి కొలత. దూరమును కాలముతో కొలుచుట అజ్ఞానమని తలపరాదు. ప్రయాణము చేయువానికి ముఖ్యముగా కావలసినది ఎప్పుడు చేరుదుననునదే. విమానముల కాలములో కూడ ప్రజలు ఆ విధముగానే మాటలాడుచున్నారు. దుబాయి నాలుగు గంటల దూరమని గల్ఫుకు పోయివచ్చినవారు చెప్పుదురు. అయితే ఆ నాలుగు గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలిసికొనవలెను.

మొదట దగ్గరి యూళ్ళను చూచుట మేలు. కరీంనగరము, ఆదిలాబాదు ఉత్తర తెలంగాణలోని రెండు పట్టణములు. పటముమీద ఒక సరళరేఖ గీచి కొలిచినచో వాని నడిమి దూరము సుమారు 150 కిలోమీటర్లు. త్రోవ వెంట పోయినచో అది 200 కిలోమీటర్లకు మించును. ఏలయన, త్రోవ సరళరేఖ వలె పోజాలదు. నడుమ గోదావరీనది కలదు. వంతెన యున్నచోటనే దానిని దాటవలెను. నదికి ఆవల కొండలును అడవులును అడ్డుపడును. నదిమీద వంతెనలు లేని కాలములో వానకాలపు వరద వచ్చినచో ప్రయాణికులు నీరు తీయువరకు రేవులలో వేచియుండవలసివచ్చెడిది. కావున ఒకే రెండు ఊళ్ళ నడుమ రెండు దూరములు కలవు. పక్షి యెగురు దూరము ఒకటి, మనుష్యుడు నడచు దూరము మరొకటి.

విమానము పక్షివలె ఎగురును గనుక దానికి మొదటి దూరమే చాలునని తోచును. అది చాలవరకు నిజము. కాని దూరదేశములకు పోవునపుడు సరళరేఖ యనగా నేమి యను ప్రశ్న కలుగును. గోడకు వ్రేలాడు దేశపటము చదునైనది. భూమి గుండ్రనిది. బత్తాయిపండు తొక్కను ఒలిచి బల్లమీద చదునుగా పరచినచో అది కొన్నిచోట్ల చిరుగును, కొన్నిచోట్ల సాగును. చదునైన పటమును అట్టిదే. దానిమీద పట్టీ పెట్టి కొలిచిన దూరము అన్నివేళల నిజము కాజాలదు.

నిజమైన దూరము కావలెనన్న పాఠశాలలోని గోళము నొద్దకు పోవలెను. దానిమీద రెండు నగరములకును ఒక దారమును బిగించి పట్టుకొనవలెను. ఆ దారము పోవు మార్గమే భూమిపై అతి దగ్గరి మార్గము. దానిని ఇరువైపుల పొడిగించినచో అది భూమిని సరిగా రెండు సమభాగములుగా చేయు పెద్ద వలయ మగును. దానిని మహావృత్తము అందురు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. వలయమునకు 360 అంశములు. కావున మహావృత్తము మీద ఒక్కొక్క అంశము సుమారు 111 కిలోమీటర్లు. హైదరాబాదు విమానాశ్రయము శంషాబాదులో ఉన్నది. శంషాబాదునుండి భూమి కేంద్రమునకు ఒక గీత, దుబాయినుండి మరొక గీత గీచితిమని యూహించినచో ఆ రెండు గీతల నడిమి కోణము దాదాపు 23 అంశములు. ఇరువదిమూడును నూటపదకొండుతో హెచ్చించినచో 2,553 వచ్చును. అనగా శంషాబాదునుండి దుబాయికి ఆకాశమార్గమున సుమారు 2,550 కిలోమీటర్లు. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒక కాగితపు ముక్కమీద చేయదగిన లెక్క యిది.

విమానములు నడుపువారు ఈ దూరమును కిలోమీటర్లలో గాక నాటికల్ మైళ్ళలో చెప్పుదురు. ఒక అంశములో అరువదియవ భాగమే ఒక నాటికల్ మైలు. అది 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కన ఈ దూరము సుమారు 1,375 నాటికల్ మైళ్ళు. ఓడలు నడుపువారి కొలత ఆకాశమున కూడ నిలిచినది.

దుబాయి మార్గములో చదునుపటమునకును గోళమునకును ఎక్కువ భేదము కనబడదు. దారము పడమటి కనుమలు దాటి, ముంబయికి ఉత్తరముగా సముద్రతీరము చేరి, అరేబియా సముద్రము మీదుగా ఒమాన్ దేశపు తీరమునకు పోవును. దూరము పెరిగినకొలది భేదము బయటపడును. హైదరాబాదునుండి అమెరికాలోని షికాగో నగరమునకు చదునుపటముమీద గీత గీచినచో అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రముల మీదుగా పోవును. గోళముమీద దారము బిగించినచో అది తిన్నగా ఉత్తరమునకు పోయి, ఉత్తరధ్రువమునకు చేరువగా మంచుసముద్రమును దాటి, ఆవలివైపున దక్షిణమునకు దిగును. ఆ దూరము 13,000 కిలోమీటర్లకు పైగా నుండును. పడమటనున్న దేశమునకు ఉత్తరముగా పోవుట వింతగా తోచును. గోళమును చేతిలోనికి తీసికొన్న బాలునకు అందు వింత యేమియు కనబడదు.

ఇక కరీంనగరమునకు వత్తము. గోళముమీద దారమును కరీంనగరమునుండియే బిగించినచో దుబాయి సుమారు 2,560 కిలోమీటర్లు. శంషాబాదునుండి 2,550. అనగా కరీంనగరపు ప్రయాణికుడు సుమారు 200 కిలోమీటర్లు రాజీవ్ రహదారి మీదుగా దక్షిణమునకు పోయి విమానాశ్రయము చేరునప్పటికి దుబాయికి పది పదునైదు కిలోమీటర్లు మాత్రమే దగ్గరగును. ఆదిలాబాదువాని సంగతి మరింత విచిత్రము. ఆదిలాబాదునుండి దుబాయి సుమారు 2,460 కిలోమీటర్లు. అతడు నిర్మల్ మీదుగా 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి శంషాబాదు చేరునప్పటికి దుబాయికి 90 కిలోమీటర్లు దూరమగును. దుబాయికి పోవుటకు బయలుదేరి దుబాయికి దూరముగా పోవుచున్నాడన్నమాట. ఉత్తరమున సుమారు 200 కిలోమీటర్ల దూరములో మహారాష్ట్రలోని నాగపురమున మరొక విమానాశ్రయము ఉన్నను, ఎక్కువ విమానములు దొరకు చోటు గనుక పలువురు హైదరాబాదునకే వత్తురు.

విమానము ఎక్కడనుండి యైనను ఎగురరాదా యని పిల్లలు అడుగవచ్చును. పెద్ద విమానము లేచుటకును దిగుటకును కిలోమీటర్ల పొడవున గట్టిపరచిన రన్‌వే కావలెను. ఇంధనము, అగ్నిమాపక దళము, వాతావరణపు కొలతలు, దారి చూపు యంత్రములు, అన్యదేశములకు పోవువారి పత్రములు పరీక్షించు అధికారులు అందరును అక్కడ నుండవలెను. ఇన్ని యేర్పాట్లు ప్రతి పట్టణమున సాధ్యము కావు. కావున అనేక జిల్లాల ప్రజలు ఒక్క ద్వారము నొద్దకు చేరవలసియున్నది. 2008వ సంవత్సరము మార్చివరకు ఆ ద్వారము బేగంపేట. ఆ నెలనుండి శంషాబాదు.

దూరము తెలిసినది. ఇక కాలము. పెద్ద ప్రయాణికుల విమానము భూమికి పది పదకొండు కిలోమీటర్ల యెత్తున గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగముతో పోవును. 2,550ని 850తో భాగించినచో సరిగా మూడు గంటలు. మరి టిక్కెట్టులో మూడున్నర, నాలుగు గంటలని యేల వ్రాయుదురు? దానికి మూడు కారణములు కలవు.

మొదటిది, టిక్కెట్టులోని కాలము విమానము తన నిలుపుచోటు వీడిన క్షణమునుండి, గమ్యస్థానమున తన నిలుపుచోట ఆగు క్షణమువరకు లెక్కించినది. రన్‌వే చేరువరకు అది నేలమీద బండివలె మెల్లగా పోవలెను. ముందున్న విమానములు లేచువరకు ఆగవలెను. లేచిన తరువాత పై యెత్తునకు ఎక్కువరకును, మరల దిగునపుడును దాని వేగము తక్కువ.

రెండవది, ఆకాశములో కూడ త్రోవలు కలవు. విమానములు ఒకదాని కొకటి తగులకుండ నిర్ణీతమార్గములలో, నిర్ణీతమైన యెత్తులలో పోవలెను. ప్రతి దేశమునకు తన భూమివలెనే తన ఆకాశముపై అధికారము కలదు. 2019వ సంవత్సరము ఫిబ్రవరి చివరినుండి జూలై నడిమివరకు పాకిస్తాను తన గగనతలమును మూసివేయగా ఢిల్లీనుండి పడమటి దేశములకు పోవు విమానములు దక్షిణముగా చుట్టు తిరిగి పోవలసివచ్చెను. భూమిపై దూరము మారలేదు. ప్రయాణపు దూరము మాత్రము పెరిగినది.

మూడవది గాలి. గోదావరిలో పుట్టి నడుపువానికి ఇది తెలిసిన విషయమే. ప్రవాహము వెంట పోవునపుడు తెడ్డు తేలికగా పడును. ఎదురు పోవునపుడు ఎంత శ్రమించినను పుట్టి మెల్లగా కదలును. ఆకాశమున కూడ ప్రవాహములు కలవు. చలికాలమున ఉత్తర భారతము మీద, విమానములు పోవు యెత్తున, పడమటినుండి తూర్పునకు బలమైన గాలి వీచును. దుబాయికి పోవు విమానమునకు అది ఎదురుగాలి, తిరిగివచ్చు విమానమునకు అది తోడుగాలి. వానకాలమున దక్షిణ భారతము మీద పై యెత్తుల గాలి తూర్పునుండి పడమటికి వీచును గనుక ఈ లెక్క కొంత మారును.

ఇచట గణితమున ఒక చక్కని సంగతి కలదు. గాలి వేగము గంటకు 80 కిలోమీటర్లనుకొందము. ఎదురుగాలిలో విమానపు వేగము 850లో 80 తగ్గి 770 అగును. 2,550 కిలోమీటర్లు పోవుటకు 3 గంటల 19 నిమిషములు పట్టును. తోడుగాలిలో వేగము 930 అగును. 2 గంటల 44 నిమిషములు చాలును. రెండును కలిపినచో 6 గంటల 3 నిమిషములు. గాలి లేనియెడల రాకపోకలకు సరిగా 6 గంటలే. పోవునపుడు గాలి చేసిన నష్టమును వచ్చునపుడు అదే గాలి పూర్తిగా తీర్చదు. ఏలయన, విమానము ఎదురుగాలిలో ఎక్కువసేపు నుండును, తోడుగాలిలో తక్కువసేపు నుండును. కష్టము నిలిచినంతసేపు సుఖము నిలువదని పెద్దలు చెప్పు మాట గణితములో కూడ నిజమైనది.

ఈ కారణములచేత పోవుటకు సుమారు నాలుగు గంటలు, వచ్చుటకు సుమారు మూడున్నర గంటలు పట్టును. పోవుటకును వచ్చుటకును నిజమైన భేదము అరగంటయే. మరి బాలిక లెక్కలో రెండున్నర, ఐదు ఎట్లు వచ్చినవి? అది విమానపు దోషము కాదు, గడియారముల సంగతి.

భూమి 24 గంటలలో ఒకసారి తన చుట్టు తాను తిరుగును. 360 అంశములను 24తో భాగించినచో గంటకు 15 అంశములు. అనగా ఒక్కొక్క అంశమునకు 4 నిమిషములు. తూర్పున నున్నవారికి సూర్యుడు ముందుగాను, పడమటివారికి వెనుకగాను కనబడును. కరీంనగరము 79వ తూర్పు రేఖాంశము దగ్గర, దుబాయి 55వ రేఖాంశము దగ్గర ఉన్నవి. నడుమ 24 అంశములు. నాలుగుతో హెచ్చించినచో 96 నిమిషములు. కరీంనగరమున సూర్యుడు నడినెత్తికి వచ్చిన గంటన్నరకు పైగా గడచిన పిమ్మట దుబాయిలో నడినెత్తికి వచ్చును.

అయితే ఊరూరికి ఒక గడియారమున్నచో రైళ్ళు, విమానములు నడుపుట అసాధ్యము. ఆదిలాబాదు గడియారము కరీంనగరపు గడియారమునకు రెండు మూడు నిమిషములు వెనుకబడవలసివచ్చును. అందుచేత పెక్కు దేశములు ఒక్కొక్క రేఖాంశమును ఎన్నుకొని దాని కాలమునే తమ కాలముగా పాటించును. భారతదేశము ఎన్నుకొన్నది ఎనుబదిరెండున్నర అంశముల తూర్పు రేఖాంశము. అది ఉత్తరప్రదేశములోని మీర్జాపురము దగ్గరను, ఆంధ్రప్రదేశములోని కాకినాడ దగ్గరను పోవును. దుబాయి యున్న ఐక్య అరబ్ ఎమిరేట్ల కాలము 60వ రేఖాంశమునకు సరిపడునది. ఈ రెంటి నడుమ ఇరువదిరెండున్నర అంశములు. నాలుగుతో హెచ్చించినచో సరిగా 90 నిమిషములు. దుబాయి గడియారము భారత గడియారమునకు గంటన్నర వెనుక. సౌదీ అరేబియా, కువైట్, కతార్ దేశముల గడియారములు రెండున్నర గంటలు వెనుక.

ఇపుడు బాలిక లెక్క సరిచేయవచ్చును. రెండేండ్ల క్రిందట ఆమె తండ్రి హైదరాబాదులో రాత్రి 10 గంటలకు బయలుదేరెను. నాలుగు గంటల తరువాత భారత గడియారములో 2 గంటలు. దానిలో గంటన్నర తీసివేసినచో దుబాయిలో పన్నెండున్నర. ఇపుడు వచ్చునపుడు దుబాయిలో రాత్రి 10 గంటలనగా భారతదేశమున పదకొండున్నర. మూడున్నర గంటలు కలిపినచో 3 గంటలు. రెండు లెక్కలును సరిపోయినవి. ప్రయాణకాలము తెలియవలెనన్న రెండు సమయములను మొదట ఒకే గడియారములోనికి మార్చి, పిమ్మట తీసివేయవలెను. ఇది మరచినవాడు ఎంత గణితజ్ఞుడైనను తప్పు చేయును.

ఇంకొక చిక్కు మిగిలియున్నది. అది తేదీ చిక్కు. తెలుగువారి సంప్రదాయములో దినము సూర్యోదయముతో ఆరంభమగును. పల్లెలో తెల్లవారుజామున మూడు గంటల వేళను ఇంకను గడచిన రాత్రిగానే భావింతురు. కాని గడియారమును బట్టి తేదీ అర్ధరాత్రి పన్నెండు గంటలకే మారును. టిక్కెట్టులో వ్రాసిన 11వ తేదీ 3 గంటలనగా 10వ తేదీ రాత్రి గడచుచుండగా వచ్చు తెల్లవారుజాము. పినతండ్రి దానిని 11వ తేదీ పగలు గడచిన పిమ్మటి రాత్రి యనుకొనెను. ఆయన చెప్పినట్లు ఆనాడు సాయంకాలము బయలుదేరినచో, రెండేండ్ల తరువాత వచ్చిన మనుష్యుడు పెట్టెలతో విమానాశ్రయపు వాకిట ఒక పగలంతయు ఎదురుచూచుచు నిలిచియుండవలసివచ్చెడిది.

దూరము తగ్గుట ఒక్కనాట జరిగినది కాదు. ఈ ప్రాంతపు ప్రజలు బ్రతుకుతెరువునకై దూరము పోవుట చాలకాలముగా ఉన్నదే. సిరిసిల్ల నేతపనివారు ముంబయి, భివండి, షోలాపురము మగ్గములకు పోయెడివారు. 1970 తరువాతి సంవత్సరములలో నూనెగనుల ధనముచేత గల్ఫు దేశములలో రోడ్లు, రేవులు, మేడలు వేగముగా లేవసాగినవి. వానికి పనివారు కావలసివచ్చిరి. కరీంనగర, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలనుండి వేలకొలది జనులు అటు తరలిరి. ఆ రోజులలో ముంబయినుండి గల్ఫు రేవులకు ఓడలు కూడ నడచుచుండెడివి. ద్వారకా యను ఓడ 1982వ సంవత్సరమువరకు ఆ మార్గమున తిరిగినది. ఓడమీద దినములు పట్టు త్రోవ విమానముచేత గంటలకు తగ్గినది. వారములు పట్టు ఉత్తరము ఫోనుచేత క్షణములకు తగ్గినది.

అయినను కిలోమీటర్లకు, గంటలకు అందని దూరము మరొకటి కలదు. 2020వ సంవత్సరము మార్చి చివరివారములో కోవిడ్ వ్యాధి కారణముగా భారతదేశమునకు అన్యదేశములనుండి వచ్చు ప్రయాణికుల విమానములు నిలిచిపోయినవి. దుబాయి అంతకుముందున్న చోటనే యున్నది. 2,550 కిలోమీటర్లలో ఒక్క కిలోమీటరు పెరుగలేదు. కాని పని పోయి గదులలో చిక్కుకొన్నవారికి నాలుగు గంటల దూరము దాటరానిదయ్యెను. మే 7వ తేదీనుండి ప్రభుత్వము ప్రత్యేక విమానములు నడుపగా వారు కొద్దికొద్దిగా ఇండ్లకు చేరిరి. మామూలు విమానములు మరల యథాప్రకారము సాగుటకు 2022 మార్చి చివరివరకు పట్టినది.

వ్యాధులు లేని కాలములో కూడ కాగితములు సరిగా లేనివానికి దుబాయి మిక్కిలి దూరము. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందము సక్రమముగా నున్నవాడు నాలుగు గంటలలో పోయి మూడున్నర గంటలలో రాగలడు. మోసపు దళారిని నమ్మి తప్పు వీసాతో పోయినవానికి తిరిగివచ్చు త్రోవ సంవత్సరములు పట్టవచ్చును. 1983వ సంవత్సరపు ప్రవాస చట్టము ననుసరించి, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములు మొదలైన కొన్ని దేశములకు పనికై పోవలెనన్న ప్రభుత్వాధికారి అనుమతి పొందవలెను. అధికారి వారి ఒప్పందపత్రమును పరిశీలించును. ఇది ప్రయాణమునకు అడ్డంకి యని కొందరు తలచి దొంగదారులు వెదకుదురు. నిజమునకు అది పోవువాని మేలుకొరకు పెట్టిన కట్టుబాటు. ఏ పత్రము మీదనైనను సంతకము చేయుటకు ముందు దానిలోని జీతము, పని, గడువు చదివి తెలిసికొనుట ప్రతివాని విధి. ఇంట చదువుకొన్న పిల్లలున్నచో ఆ పని వారు చేయవచ్చును.

ఆ పల్లెలోని బాలిక చేసినదియు అట్టి పనియే. ఆమె పలకమీద రెండు వరుసలు వ్రాసినది. పై వరుసలో దుబాయి కాలము, క్రింది వరుసలో ఇంటి కాలము. విమానము శంషాబాదులో దిగునది 11వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు. పల్లెనుండి కరీంనగరము మీదుగా శంషాబాదునకు సుమారు 270 కిలోమీటర్లు. రాత్రిపూట దారిలో ఒకచోట ఆగి పోయినచో ఆరు గంటలు పట్టును. మూడులోనుండి ఆరు వెనుకకు పోయినచో 10వ తేదీ రాత్రి 9 గంటలు.

"కాకా! పదకొండు నాడు కాదు, పదో తారీఖు రాత్రి తొమ్మిదింటికే బయలెల్లాలె" అని ఆమె చెప్పినది. పినతండ్రి పలకను తీసికొని రెండు వరుసలను రెండుసార్లు చదివి, బండివానికి ఫోను చేయుటకు లేచెను.

ఆ లెక్కలో ఆమెకే ఆశ్చర్యము కలిగించిన సంగతి యొకటి కలదు. 10వ తేదీ రాత్రి 9 గంటలనగా దుబాయిలో ఏడున్నర. విమానము ఎగురుటకు ఇంకను రెండున్నర గంటలు వ్యవధి యుండును. తండ్రి విమానమెక్కకముందే ఇంటివారు బండి యెక్కవలెను. ఆయన 2,550 కిలోమీటర్లు దాటివచ్చుటకు పట్టు కాలముకంటె వీరు 270 కిలోమీటర్లు పోవుటకు పట్టు కాలమే ఎక్కువ.

ముసలితల్లి ఇదంతయు విని, "అయితే దుబాయి దగ్గర్నే ఉన్నది. పట్నమే దూరమున్నది" అనెను. ఆమె బడికి పోయి చదివినది కాదు. కాని దూరమునకును కాలమునకును గల భేదమును ఆమె ఒక్క మాటలో చెప్పినది.

10వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు బండి ఆ పల్లె దాటెను. తెల్లవారుజామున విమానము దిగినవారు ఒకరి వెంట ఒకరు పెట్టెలు త్రోసికొనుచు వెలుపలికి వచ్చునప్పటికి, ఆ కుటుంబము కటకటాల దగ్గర నిలిచియుండెను.